టికెట్టు కన్నా సెలవు ఖరీదు

జనవరి వచ్చిందంటే మన షోలాపూర్‌లో గడ్డా జాతర ముచ్చట తప్ప మరొకటి వినపడదు. సిద్ధేశ్వరుని నందిధ్వజాలు ఊరేగుతాయి. భోగికీ సంక్రాంతికీ పేటలన్నీ కదులుతాయి. హోమ్ మైదానంలో రంగులరాట్నాలు తిరుగుతాయి. శ్రావణంలో రాఖీ పున్నమి నాడు మార్కండేయుని రథం వెళుతుంది. ఆ వెనుకనే దసరా, కోజాగిరి పున్నమి, దీపావళి. మన తెలుగువాళ్ళకు ఇక్కడి పండుగలు సగం, అక్కడి పండుగలు సగం కలిసి ఏడాది నిండుతుంది.

ఈ పండుగలు వచ్చినప్పుడల్లా మన ఇళ్ళలో ఒకటే వాదన. ఎక్కడికైనా పోదామా, వద్దా? పిల్లలు పోదామంటారు. ఇల్లాలు ఊరుకుంటుంది. ఇంటాయన చేతిలో పైసలు లేవంటాడు. మా ఉద్దేశంలో ఇంటాయన చెప్పే కారణం నిజమే గాని, అది సగం నిజమే. బస్సు టికెట్టు కొనలేక ఆగిపోయే కుటుంబాలు మనలో తక్కువ. సాంచా ఆపలేక ఆగిపోయే కుటుంబాలే ఎక్కువ.

ఒక లెక్క వేసి చూద్దాం. మొగుడూ పెళ్ళాం ఇద్దరు పిల్లలు కలిసి పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి వచ్చేట్టు నలదుర్గ్ కోట చూడడానికి పోయారనుకుందాం. రానూపోనూ బస్సు, చాయ్, పిల్లలకు చెరకు రసం, అన్నీ కలిపి 500 రూపాయలు అనుకుందాం. ఇక రెండో లెక్క. సాంచాల మీద ఆ రోజు రావలసిన పగారు 600 అనుకుంటే అది పోయింది. ఇంట్లో ఆమె బీడీలు చుడుతుంది, వెయ్యి బీడీల మజూరీ పోయింది. అంటే ప్రయాణం ఖర్చు 500, ప్రయాణం చేసినందుకు జరిమానా అంతకన్నా ఎక్కువ. జరిమానా అనే మాట కావాలనే రాస్తున్నాం. ఆఫీసులో పనిచేసే గుమాస్తా అదే కోటకు అదే బస్సులో పోతే అతనికి 500 మాత్రమే ఖర్చు. అతని జీతం ఆ రోజుకు కూడా పడుతుంది.

ఈ జరిమానా తప్పించుకోవడానికి మనవాళ్ళు చేసే పని మరీ ఘోరం. ముందు రోజు పగలూ రాత్రీ రెండు షిఫ్టులు లాగి, తెల్లవారి అదే కళ్ళతో బస్సెక్కుతారు. పిల్లలను కోట చూపించడానికి తీసుకుపోయి కోట గోడ నీడలో తాను నిద్రపోయే తండ్రులు మనలో ఎంతమంది లేరు? రెండో షిఫ్టులో కునుకుపాటు వచ్చిన మనిషి చేయి సాంచాలో ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇంకో సంగతి కూడా చూడండి. సెలవులు మనకు లేవా? కావలసినన్ని ఉన్నాయి. కరెంటు పోతే బంద్. నూలు ధర పెరిగితే బంద్. బజారులో మందీ వస్తే బంద్. "రేపు రావద్దు" అని సేఠ్ రాత్రి తొమ్మిదింటికి చెప్పిస్తాడు. ఆ బంద్‌కు పగారు లేదు, ముందు కబురూ లేదు. కాబట్టి ఆ రోజు మనం ఎక్కడికీ పోలేం, గుమ్మంలో కూర్చుంటాం. అదే మనం పండుగకు రెండు రోజులు అడిగితే అర్జెంటు ఆర్డరు ఉందంటారు. సేఠ్ ఇష్టప్రకారం వచ్చేది ఖాళీ, మన ఇష్టప్రకారం తీసుకునేది సెలవు. మనకు ఖాళీ చాలా ఉంది, సెలవే లేదు.

వారానికి ఒక రోజు సెలవన్నదే ఈ దేశంలో ఎట్లా వచ్చిందో మన యువ కార్మికులకు తెలియాలి. ముంబయి మిల్లుల్లో ఒకప్పుడు తెల్లవారి మొదలైన పని పొద్దుగూకేవరకు నడిచేది, వారాంతపు విశ్రాంతి అన్నదే లేదు. నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో మిల్లు కార్మికుల సభలు పెట్టించి ఆదివారం సెలవు కావాలని అర్జీ రాయించాడు. ఆయన జోతిరావు ఫూలే అనుచరుడు. ముంబయిలో ఫూలే సత్యశోధక సమాజానికి అండగా నిలిచినవారిలో కామాటిపుర తెలుగువారు ఉన్నారన్నది మనం గర్వపడవలసిన సంగతి. ఆదివారమే ఎందుకు? అది ఖండోబా వారం, కార్మికులు దేవుణ్ణి చూసుకోవడానికి పోవాలి అన్నది అప్పుడు చెప్పిన కారణాలలో ఒకటి. ఖండోబా అంటే మనకు మల్లన్నే. కొమురవెల్లికి జనం ఆదివారమే ఎందుకు పోతారో ఎవరికీ చెప్పనక్కరలేదు. 1890 ఏప్రిల్‌లో ముంబయిలో వేలమంది కార్మికులు సభ జరిపారు, ఇద్దరు ఆడ కార్మికులు లేచి మాట్లాడారు. ఆ ఏడాది జూన్ 10న మిల్లు యజమానుల సంఘం వారపు సెలవుకు ఒప్పుకుంది. 1891లో అది చట్టానికి ఎక్కింది. మొట్టమొదటి సెలవు అడిగినవాళ్ళు యాత్రను సిగ్గుపడకుండా కారణంగా చూపించారు. మనం మాత్రం ఇవాళ సేఠ్ దగ్గర జాతర మాట ఎత్తలేక ఒంట్లో బాగోలేదని అబద్ధం చెబుతున్నాం.

మన తాతలు ఇక్కడి పెద్ద మిల్లుల్లో పనిచేశారు. అక్కడ దుమ్ము తిన్నారు, జాబర్ల తిట్లు తిన్నారు, అది వేరే సంగతి. కాని వాళ్ళ చేతిలో హాజరు కార్డు ఉండేది, ఏడాదికి ఇన్ని రోజులని పగారుతో సెలవు ఉండేది. మిల్లులు మూతపడ్డాయి, సాంచాలు షెడ్లలోకి వచ్చాయి. తాతకు ఉన్న సెలవు మనవడికి లేకుండా పోయింది. నేసేది అదే టవలు, అదే చాదర్.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసినవారికి ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు పగారుతో సెలవు. 2025 నవంబరు 21 నుంచి కేంద్ర ప్రభుత్వం నాలుగు కొత్త కార్మిక కోడ్‌లు అమలులోకి తెచ్చింది. పాత ఫ్యాక్టరీల చట్టం అందులో కలిసిపోయింది. ఆ కోడ్‌ల మీద మన అభిప్రాయం ఈ పత్రికలో వేరేగా రాస్తాం, పొగడడానికి మాత్రం కాదు. సెలవు వరకు వస్తే 240 రోజుల షరతు 180కి దిగింది. 20 రోజులకు ఒక రోజు అన్న లెక్క అట్లాగే ఉంది. వాడుకోని సెలవులు 30 రోజుల వరకు వచ్చే ఏడాదికి కలుస్తాయి. అర్జీ పెట్టినా యాజమాన్యం ఇవ్వని సెలవుకు ఆ 30 హద్దు కూడా లేదు. అందుకే నోటితో అడగవద్దు, కాగితం మీద అడగండి అని చెబుతున్నాం.

మీటరు కూలివాళ్ళకు సెలవు ఉండదని సేఠ్‌లు చెప్పే మాట అబద్ధం. చట్టంలో కార్మికుడంటే కార్మికుడే, నెల పగారా మీటరు కూలా అని విడదీయలేదు.

మరి ఎందుకు రావడం లేదు? ఒకే కప్పు కింద నడిచే సాంచాలలో ఎనిమిది సేఠ్ పేరు మీద, ఎనిమిది ఆయన భార్య పేరు మీద, ఇంకో ఎనిమిది తమ్ముడి పేరు మీద. లైసెన్సులు మూడు, మీటర్లు మూడు, హాజరు పట్టీ ఒక్కటీ లేదు. కరెంటుతో నడిచే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ అని పాత చట్టం అనేది, కొత్త కోడ్ దాన్ని 20కి పెంచింది. ఇది చెప్పి కొందరు సేఠ్‌లు "మాది ఫ్యాక్టరీయే కాదు, ఇక సెలవు ఎక్కడిది" అంటున్నారట. కోడ్‌లో సెలవు నిబంధన ఫ్యాక్టరీకి కాదు, సంస్థకు పెట్టారు. 10 మంది పనిచేస్తే అది సంస్థే. కాబట్టి మన షెడ్డులో రెండు షిఫ్టులూ కలిపి ఎందరు ఉన్నామో తలలు లెక్కపెట్టి పేర్లు రాసిపెట్టుకోవడమే మొదటి పని.

సెలవు మన చేతిలో లేకపోవడం వల్ల మరో నష్టం ఉంది. ఊరంతా బంద్ ఉన్న రోజే మనకు వీలు. కాబట్టి ఊరంతా పోయే రోజే మనమూ పోతాం. దర్శనానికి వరుస ఆరు గంటలు, బస్సులో కాలు మోపే చోటుండదు, అన్నం ధర రెట్టింపు. డబ్బుతో పోయేదైతే సరే. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం నిలబడ్డవారిలో తొక్కిసలాట జరిగి ఆరుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2024 అక్టోబరు 27న ముంబయి బాంద్రా టెర్మినస్‌లో దీపావళికి సొంత ఊళ్ళకు పోతున్న కూలీలు గోరఖ్‌పూర్ జనరల్ బండి ఎక్కబోతూ ఒకరి మీద ఒకరు పడి గాయాలపాలయ్యారు. ఆ రోజు తప్ప మరో రోజు పోలేని జనమే అట్లాంటి చోట నలిగేది. ఏసీ డబ్బా ప్రయాణికుడు ప్లాట్‌ఫారం మీద నలగడు.

ఏడాదిలో పది రోజులు మన చేతిలో ఉంటే వ్యవహారం వేరుగా ఉంటుంది. మామూలు మంగళవారం నాడు పండరిపురం పోయి చూడండి. ఆషాఢ ఏకాదశి నాడు గుడి శిఖరం మాత్రమే కనిపిస్తుంది, మంగళవారం నాడు విఠోబా కనిపిస్తాడు. బోరీ నది నిండిన వానాకాలంలో నలదుర్గ్ పోతే ఆదిల్‌షాహీల కాలంలో కట్టిన ఆనకట్ట మీది నుంచి నీళ్ళు దూకుతుంటే ఆ కట్ట కడుపులో ఉన్న పానీ మహల్‌లో నిలబడి చూడవచ్చు. నీళ్ళు అవతల, మనం ఇవతల, మధ్య రాతి గోడ. ఆదివారం అక్కడ ఫొటోలు దిగేవారి భుజాలే కనిపిస్తాయి. హోట్గీ మీదుగా రైలులో విజయపుర పోతే 1656 నాటి గోల్ గుంబజ్ ఉంది. గుమ్మటం లోపలి వసారాలో ఒక వైపు గుసగుసలాడితే ఎదుటి వైపు గోడ దగ్గర వినపడుతుంది. పిల్లలు ఈ వింత మరిచిపోరు. అక్కడ 15 ఏళ్ళ లోపు పిల్లలకు టికెట్టు కూడా లేదు. జనం ఎక్కువున్న రోజు అందరూ ఒకేసారి అరుస్తారు కాబట్టి ఎవరి గుసగుసా వినపడదు. సాంచాల మోతలో బతికే మనం అక్కడికి పోయి కూడా మోతే వినడం ఎందుకు?

పైసా ఖర్చు లేని యాత్ర కూడా మనకు ఒకటి ఉంది. కోజాగిరి పున్నమికి షోలాపూర్ నుంచి తుల్జాపూర్ దాకా, సుమారు 45 కిలోమీటర్లు, వేలమంది రాత్రంతా వెన్నెలలో నడిచిపోతారు. దారి పొడుగునా చాయ్, ఫలహారం ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు. దేవుడి మీద నమ్మకం ఉన్నా లేకున్నా ఆ నడక చూడదగ్గది. దానికి కావలసిందల్లా మరుసటి రోజు పడుకోవడానికి సెలవు!

బస్సు చార్జీల సంగతి. 2025 జనవరిలో మహారాష్ట్ర ఎస్.టి. చార్జీలు దాదాపు 15 శాతం పెంచారు. అయితే 2023 మార్చి 17 నుంచి ఆడవాళ్ళకు సగం టికెట్టు ఉంది, అంతకుముందు నుంచే 75 ఏళ్ళు దాటినవారికి ఉచితం ఉంది. ఇల్లాలు, అత్త, ఆడబిడ్డ కలిసి పోయే ప్రయాణం అందుకే చవక పడుతుంది, ఒక్కడే మగవాడు పోయే ప్రయాణమే ఖరీదు. (ధాబాలకు మాత్రం ఒక్కడే పోయే సోదరులు ఈ లెక్క మరోసారి చూసుకోవాలి.) నలభై మందిమి కలిస్తే డిపోలో మాట్లాడి బస్సే అద్దెకు తీసుకోవచ్చు. "ఆవడేల్ తేథే ప్రవాస్" అని 4 రోజులకు, 7 రోజులకు పాసులు 1988 నుంచి ఇస్తున్నారు. మన పేటల్లో దాన్ని వాడినవారు బహు కొద్దిమంది. కారణం మళ్ళీ అదే. వరుసగా నాలుగు రోజులు ఎవరికి దొరికాయి?

ఇక సొంత ఊళ్ళకు పోయే ప్రయాణం. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు బంధుత్వం ఉన్నవారు బతుకమ్మకు, దసరాకు పోక తప్పదు. హుస్సేన్‌సాగర్, కోణార్క్ లాంటి బళ్ళు ముంబయి నుంచే నిండి వస్తాయి. రైలు రిజర్వేషను 2024 నవంబరు 1 నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంతకుముందు 120 రోజులు ఉండేది. ఏదైనా కానీయండి, మనకు సెలవు ఉందో లేదో సేఠ్ ముందు రోజు సాయంత్రం చెబుతాడు. అప్పటికి మిగిలేది జనరల్ డబ్బా, లేకపోతే ప్రైవేటు ట్రావెల్స్. ప్రైవేటు బస్సువాళ్ళు ఎస్.టి. చార్జీకి ఒకటిన్నర రెట్లు మించి తీసుకోరాదని 2018లో మహారాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. పండుగ ముందు రోజు ఆ ఉత్తర్వు ఎక్కడ నిద్రపోతుందో మనందరికీ తెలుసు. టికెట్టు కాగితం జాగ్రత్తగా దాచి యూనియన్ ఆఫీసులో ఇవ్వండి, ఆర్.టి.ఓ.కు ఫిర్యాదు మేము రాస్తాం. ముసలివారికి రైలులో ఉండిన రాయితీని 2020 మార్చిలో తీసేశారు, అది తిరిగి కావాలని ప్రతి సభలోనూ అడుగుతూనే ఉండాలి.

మన ఆడపడుచుల విషయంలో ఒక తమాషా ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, కర్ణాటకలో అదే ఏడాది జూన్ 11 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితం. కాని ఆ రాష్ట్రం చిరునామా ఉన్న కార్డు చూపాలి. మన అక్కచెల్లెళ్ళ ఆధార్ కార్డు మీద షోలాపూర్ పేట ఉంది. పుట్టింటికి పోతూ సరిహద్దు దాకా సగం టికెట్టు, సరిహద్దు దాటాక పుట్టిన నేల మీద నిండు టికెట్టు! దీని మీద మనం పెద్ద పోరాటం చేయబోవడం లేదు. ఆ ఖర్చు ముందుగానే లెక్కలో వేసుకోమని మాత్రం చెబుతున్నాం.

ఒక మాట మగ సోదరులకు. సెలవు రోజున కూడా తెల్లవారి మూడింటికి లేచి పొయ్యి అంటించేది ఆమే. బీడీలకు ఆదివారం లేదు, పొయ్యికీ లేదు. ముందు రోజే కడక్ రొట్టెలు, శేంగా చట్నీ కట్టిపెడితే రెండు రోజులు నిలుస్తాయి, రొట్టెలు మూట కట్టడం, నీళ్ళు మోయడం, పిల్లలను తయారు చేయడం మగవాళ్ళు చేయవచ్చు. దీనికి ఏ కోడ్ అక్కరలేదు, సేఠ్ అనుమతి కూడా అక్కరలేదు.

"అప్పుల్లో ఉన్నవాళ్ళకు ఈ తిరుగుళ్ళు ఎందుకు?" అని మన పెద్దలు కొందరు అంటారు. వాళ్ళ భయం మాకు అర్థమవుతుంది. సేఠ్ దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాడు పండుగ పేరున ఇంకొంత తీసుకుంటే ఆ బాకీ అతన్ని ఆ సాంచాకే కట్టేస్తుంది, కూలి పెంచమని నోరెత్తలేడు. వాయిదాల మీద టూర్లు అమ్మేవాళ్ళు కూడా మన పేటలకు వస్తున్నారు. అప్పు చేసి కాశీ పోవద్దని మేమూ చెబుతాం. కాని ఇంట్లో కూర్చుంటే బాకీ తీరుతుందా? ఏడాదికి మూడు వందల అరవై రోజులు మోతలో నిలబడ్డ మనిషి చెవులతోపాటు మనసూ మొద్దుబారుతుంది. కొడుకు తండ్రిని పగటి వెలుగులో చూసే రోజు ఏడాదికి నాలుగైనా ఉండాలి. దానికి దూరం పోనక్కరలేదు, పైన చెప్పిన చోట్లన్నీ సాయంత్రానికి ఇల్లు చేరేవే.

అందుకని ఈసారి కూలి ఒప్పందం మాటలకు పోయేటప్పుడు మీటరుకు ఎన్ని పైసలు అన్న దానితోపాటు సెలవు కూడా బల్ల మీద పెట్టాలని మా అభిప్రాయం. మీటరు మీద పైసలు పెంచినా ఆరు నెలల్లో ధరలు మింగేస్తాయి, సెలవును ధరలు మింగలేవు. గడ్డా జాతరకు, రథోత్సవానికి, దసరాకు, దీపావళికి పగారుతో సెలవు ఇవ్వాలి, మీటరు కూలివాళ్ళకు గడచిన నెల సగటు లెక్కన కట్టాలి. మిగతా సెలవులు ఎవరికి ఎప్పుడు అన్నది ఏడాది మొదట్లోనే షెడ్డు గోడ మీద అంటించాలి. అందరూ ఒకేసారి పోతే ఆర్డర్లు ఆగుతాయని సేఠ్ అంటే, వంతులవారీగా పోవడానికి మనమూ సిద్ధమే, మామూలు మంగళవారమే మనకు మేలు.

వచ్చే నెల చందా వసూలుకు మా కార్యకర్తలు షెడ్లకు వస్తారు. అప్పటికి ప్రతి షెడ్డులో ఒకరు చిన్న పుస్తకం పెట్టి, రెండు షిఫ్టుల వారి పేర్లు, జనవరి నుంచి ఎవరు ఎన్ని రోజులు పనిచేశారు, సేఠ్ చెప్పి ఆపిన బంద్ రోజులు ఎన్ని, మనం పెట్టిన నాగాలు ఎన్ని అన్నవి విడివిడిగా రాసి ఉంచాలి. రాయడం రానివారు పిల్లలతో రాయించండి, బడికి పోయే ఆడపిల్లల చేతిరాత మన అందరికన్నా బాగుంటుంది. పుస్తకం లేని షెడ్డుకు యూనియన్ ఆఫీసులో ఉచితంగా ఇస్తాం.